రేపు ఏమవుతుందో తెలియనివాడి ఉత్తరం

మా అమ్మమ్మ వాళ్ళింటి వసారాలో గోడకి ఒక ఇనప తీగ వేలాడుతూ ఉండేది. అడుగున చెక్క బిళ్ళ, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరం చదివి, జవాబు రాశాక, తాతయ్య దాన్ని ఆ తీగకి గుచ్చేసేవాడు. కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు, శుభలేఖలు, కరెంటు బిల్లులు, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఎప్పటి కాగితం కావాలన్నా ఎంత లోతున ఉంటుందో ఆయనకి తెలుసు.

తాతయ్య తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. కుర్రతనంలో ఆయనతో కలిసి బొమ్మలు నేర్చుకున్న స్నేహితుడొకాయన బెజవాడలో సినిమా బ్యానర్లు వేసేవాడు. రైలెక్కితే ఎంతో దూరం కాదు. అయినా ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరికేది కాదు కాబట్టి కార్డులు నడిచేవి. "ఉభయకుశలోపరి" అని ఒక ముక్క రాసి, రెండో వాక్యం నుంచే రంగుల్లోకి దిగిపోయేవారు. ఏ రంగు డబ్బా బాగుంది, ఏ కొట్లో నూనె కల్తీది, గళ్ళు గీసి ముఖం పెంచుతుంటే ముక్కు దగ్గర ఎందుకు తేడా వస్తోంది. తొమ్మిది పదేళ్ళప్పుడు నేను అవి కూడబలుక్కుని చదివేదాన్ని. సగం అర్థమయ్యేవి కావు.

తాతయ్య పోయిన ఏడాది ఇంటికి సున్నాలు వేయిస్తూ తీగని దింపారు. కాగితాలన్నీ నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళిపోయాయి. ఇంట్లో ఎవరినీ తప్పు పట్టను, పాత కార్డులు దాచుకోవాలని ఎవరికీ తోచే కాలం కాదది. ఆయన డ్రాయింగ్ పుస్తకంలో ఇరుక్కున్న ఒక్క కార్డు మాత్రం మిగిలింది.

చాలా ఏళ్ళకి డచ్ చిత్రకారుడు వాన్ గో ఉత్తరాలు చదవడం మొదలుపెట్టినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తీగే.

విన్సెంట్ వాన్ గో ఉత్తరాల సంపూర్ణ సంపుటాలు 2009లో వచ్చాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం, హైగెన్స్ ఇన్‌స్టిట్యూట్ కలిసి పదిహేనేళ్ళు పనిచేసి ఆరు సంపుటాలుగా తెచ్చాయి. మొత్తం 902 ఉత్తరాలు. అందులో 819 ఆయన రాసినవి, 83 ఆయనకి వచ్చినవి. ఇంటర్నెట్‌లో మొత్తం ఉచితంగా చదువుకోవచ్చు, ఉత్తరాల్లో ఆయన గీసిన బొమ్మలతో సహా. నేను మొదట తమ్ముడు థియోకి రాసినవే చదివాను, అందరూ చదివేది అవే కాబట్టి. అవి 650కి పైగా ఉన్నాయి. కానీ నన్ను పట్టుకుని వదలనివి తోటి చిత్రకారులకి రాసినవి. పాల్ గోగాన్‌కీ, ఎమిల్ బెర్నార్‌కీ రాసినవి, వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవి. ముఖ్యంగా 1888వ సంవత్సరానివి.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఒక చిత్రకారుడి కాలం గురించి తెలుసుకోవాలంటే ఆయన తర్వాత రాసుకున్న జ్ఞాపకాల కంటే, ఆ రోజున తోటి చిత్రకారుడికి రాసిన ఉత్తరాన్ని ముందు నమ్మాలి. ఉత్తరం రాసేవాడు ఎక్కువ నిజాయితీపరుడని కాదు. వాడికి రేపు ఏమవుతుందో తెలియదు, అంతే. జ్ఞాపకాలు రాసేవాడికి కథ ఎలా ముగిసిందో తెలుసు. తనకి కావలసిన చోటికి చేరేలా వెనక్కి తిరిగి దారి వేసుకుంటాడు.

దీనికి విన్సెంట్ వేసిన పొద్దుతిరుగుడు పూల బొమ్మల కంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

1903 మొదట్లో, పసిఫిక్ సముద్రంలోని మార్కెసాస్ దీవుల్లో జబ్బుతో ఉన్న గోగాన్ తన జ్ఞాపకాలు రాశాడు. ఆ మే నెలలోనే చనిపోయాడు. ఆ పుస్తకంలో ఆర్ల్ రోజుల గురించి, అంటే దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆ ఊళ్ళో 1888 చివర్లో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి బొమ్మలు వేసిన రోజుల గురించి, ఒక మాట ఉంది. తాను వెళ్ళేసరికి విన్సెంట్ దారీతెన్నూ లేకుండా తడబడుతున్నాడని, తాను దారి చూపించాక ఆశ్చర్యపోయేంతగా ఎదిగాడని, పసుపు మీద పసుపు వేసి ఎండలో ఎండని చూపించిన ఆ వరస అంతా అప్పుడే వచ్చిందని. చదివినవాళ్ళకి ఎంత సహజంగా ఉంటుంది! పెద్దవాడు నేర్పాడు, చిన్నవాడు నేర్చుకున్నాడు. గురుశిష్యుల కథ ఎవరికైనా నచ్చుతుంది.

ఇప్పుడు 1888 ఆగస్టు ఉత్తరాలు తీయండి. ఆ నెల మూడో వారంలో విన్సెంట్ థియోకి రాస్తున్నాడు. మార్సెయ్ వాడు తన ఊరి చేపల పులుసు తిన్నంత ఆత్రంగా బొమ్మలు వేస్తున్నానని, వేస్తున్నవి పెద్ద పెద్ద పొద్దుతిరుగుడు పూలని. పూలు తొందరగా వాడిపోతాయి కాబట్టి పొద్దు పొడిచినప్పటినుంచీ పని చేస్తున్నానని. నీలం, పసుపు కలిసిన ఒక సింఫనీలా డజను దాకా వేయాలని అనుకుంటున్నాడు. సరిగ్గా అదే రోజుల్లో బెర్నార్‌కి రాసిన ఉత్తరంలో మాత్రం అరడజను అన్నాడు. తమ్ముడికి డజను, స్నేహితుడికి అరడజను. ఈ తేడా నాకు చాలా ఇష్టం. ఇంకా లెక్క తేలని మనిషి చేతిరాత అది. ఇంతకీ ఆగస్టులో పూర్తయినవి నాలుగు.

గోగాన్ ఆర్ల్‌లో రైలు దిగింది అక్టోబరు 23న. పూలు ఆగస్టులో వేసినవి. ఇద్దరూ కలిసి ఉండబోయే ఇంటి అలంకారానికి వేసినవి, వాటిలో రెండు ఆయన పడుకునే గది గోడలకే ఎక్కాయి! వాటి కిందే పడుకుని లేచిన మనిషి పదిహేనేళ్ళ తర్వాత, అవి తన పాఠం వల్ల వచ్చాయన్నట్టు రాశాడు.

దీనికంటే గట్టి సాక్షి ఇంకోటుంది, అది గోగాన్ చేతిరాతే. 1889 జనవరిలో, ఆర్ల్‌లో అంత గొడవ జరిగి (విన్సెంట్ తన చెవి కోసుకున్నది ఆ రాత్రే) విడిపోయిన మూడు వారాలకి, ఆయన విన్సెంట్‌కి ఉత్తరం రాసి పసుపు మీద పసుపు పూల బొమ్మని అడిగాడు. అది విన్సెంట్ శైలి సారమంతా ఉన్న ఒక సంపూర్ణమైన పుట అని మెచ్చుకున్నాడు. 1889లో అది విన్సెంట్ శైలి. 1903 వచ్చేసరికి తాను నేర్పిన విద్య. గోగాన్ కావాలని అబద్ధమాడాడని నేననను. దూరపు దీవిలో, డబ్బు లేక, ఒంట్లో బాగోలేక, తన బతుక్కి ఒక లెక్క చెప్పుకుంటున్న మనిషికి జ్ఞాపకం అలా సర్దుకుని ఉంటుంది. కానీ ఉత్తరం సర్దుకోదు. తేదీతో సహా అక్కడే ఉంటుంది.

మంగలి కత్తి సంగతీ అంతే. గొడవ జరిగిన 1888 డిసెంబరు 23 రాత్రి విన్సెంట్ కత్తి పట్టుకుని తన మీదకి వచ్చాడని గోగాన్ జ్ఞాపకాల్లో ఉంది. లోకమంతటికీ తెలిసిన సంగతి. గొడవ జరిగిన కొద్ది రోజులకే పారిస్‌లో గోగాన్ బెర్నార్‌కి అంతా చెప్పాడు. బెర్నార్ దాన్ని 1889 జనవరి 1న విమర్శకుడు ఆల్బేర్ ఓరియేకి ఉత్తరంలో రాశాడు. విన్సెంట్ వెంటపడి రావడం అందులో ఉంది. కత్తితో మీదకి రావడం లేదు.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు, ఉత్తరాల్లో అబద్ధాలుండవా అని. ఎందుకుండవు? ఆర్ల్‌లో వాళ్ళిద్దరూ ఉన్న ఆ పసుపు ఇంటి నుంచి నవంబరులో వెళ్ళిన ఉత్తరాలే చూడండి. గోగాన్‌తో కలిసి పనిచేయడం తనకి ఎంతో మేలు చేస్తోందని విన్సెంట్ తమ్ముడికి రాస్తున్నాడు. అదే చూరు కింద నుంచి గోగాన్ బెర్నార్‌కి రాస్తున్నాడు, ఈ ఊళ్ళో నాకేం బాగోలేదు, అంతా చిన్నగా, నాసిగా ఉంది, విన్సెంట్‌కీ నాకూ ఏ విషయంలోనూ కుదరదు, బొమ్మల విషయంలో అసలు కుదరదు అని. దోమియే, దోబిన్యీ అంటే విన్సెంట్‌కి ప్రాణం, నాకు గిట్టదు. ఆంగ్ర్, రాఫెల్, దెగా అంటే నాకు గౌరవం, అతనికి గిట్టదు. గొడవెందుకని సరే మీ మాటే నిజం అనేస్తుంటాను అని.

ఇద్దరిలో ఎవరు నిజం? నా లెక్కలో ఇద్దరూ. విన్సెంట్ ఉత్తరం చదివేటప్పుడు డబ్బు సంగతి మరిచిపోకూడదు. గోగాన్ నెలకొక బొమ్మ ఇస్తే 150 ఫ్రాంకులు పంపే ఏర్పాటు థియోది. ఇల్లు సిద్ధం చేయడానికి, రెండు మంచాలూ పన్నెండు కుర్చీలూ కొనడానికి అయిన ఖర్చూ థియోదే. ఇంత పెట్టుబడి పెట్టినవాడికి మాకిద్దరికీ పడటం లేదని ఎలా రాస్తాడు? ఎవరు ఎవరికి, ఏం ఆశించి రాశారన్నది పక్కన పెట్టుకుని చదివితే ఉత్తరంలోని అబద్ధం కూడా మనకి పనికొస్తుంది. ఆ ఇంట్లో టెన్షన్ ఎలా పెరిగిందో ఏ ఒక్క ఉత్తరమూ చెప్పదు. రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బొమ్మల మార్పిడి. జపాన్ చిత్రకారులు తమలో తాము బొమ్మలు ఇచ్చిపుచ్చుకునేవారని విన్సెంట్‌కి గట్టి నమ్మకం. మనమూ అలా చేద్దామని ఆయన పోరు పెట్టాడు. ఫ్రాన్స్‌లోనే బ్రిటనీ ప్రాంతంలో పాంట్ అవెన్ అనే ఊళ్ళో ఉన్న గోగాన్, బెర్నార్ ఒకరి ముఖం ఒకరు వేసి పంపాలని అడిగాడు. వాళ్ళు ఎవరి ముఖం వాళ్ళే వేసుకుని, వెనక గోడ మీద రెండోవాడి ముఖాన్ని చిన్నగా పెట్టారు. అక్టోబరు మొదట్లో, బొమ్మ కంటే ముందు గోగాన్ ఉత్తరం వచ్చింది. తన ముఖాన్ని విక్టర్ హ్యూగో నవల "లే మిజరాబ్ల్"లోని జా వాల్జాగా, లోకం వెలివేసిన దొంగగా వేశానని, కళ్ళ చుట్టూ ఉన్న ఎరుపు చిత్రకారుడి లోపల మండే కొలిమి అని, వెనకాల ఉన్న పూల కాగితం కన్నెపిల్ల గది గోడ లాంటిదని అందులో వివరించాడు.

విన్సెంట్ ఆ బొమ్మని మొదట మాటల్లోనే చూశాడన్నమాట. చూడకుండానే పొంగిపోయి జవాబు రాశాడు. తన బొమ్మ గురించి కూడా అందులో చెప్పాడు, బుద్ధుణ్ణి కొలిచే ఒక సాదా భిక్షువుగా నన్ను నేను వేసుకున్నాను అని. తర్వాత గోగాన్ బొమ్మ చేరింది. అప్పుడు థియోకి రాసిన మాట వేరు. ఖైదీలా ఉన్నాడు, ఉల్లాసం మచ్చుకి కూడా లేదు, నీడల్లో ఒళ్ళు దిగులుగా నీలంగా ఉంది అన్నాడు. ఆ తేడా నాకు చాలా విలువైనది. ఒక చిత్రకారుడు ఇంకొకడి బొమ్మని చెవులతో విని ఒకలా, కళ్ళతో చూసి ఇంకోలా తెలుసుకున్న క్షణం అది. మ్యూజియంలో గోడ మీద రాసి పెట్టే నాలుగు ముక్కల్లో ఇది దొరకదు.

(విన్సెంట్ పంపిన ఆ భిక్షువు బొమ్మని నాజీలు "చెడిపోయిన కళ" అని ముద్రవేసి, 1939లో స్విట్జర్లాండ్‌లో వేలం వేశారు. ఇప్పుడు అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది. గోగాన్‌వి, బెర్నార్‌వి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నాయి. ఒకరి గోడ మీద ఒకరుండాలని వేసుకున్న మూడు ముఖాలు అలా విడిపోయాయి.)

పడకగది బొమ్మ మీకు తెలిసే ఉంటుంది. నీలం గోడలు, పసుపు మంచం, ఎర్ర దుప్పటి. ఆ నీలం గోడల్లో ఆయన ఒంటరితనం కనిపిస్తోందని, కలత కనిపిస్తోందని చెప్పేవాళ్ళని చాలామందిని విన్నాను. నేను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను. 1888 అక్టోబరు 16న థియోకి, మర్నాడు గోగాన్‌కి విన్సెంట్ ఆ బొమ్మ గురించి రంగు రంగునా రాశాడు. గోడలు లేత ఊదా. తలుపులూ ఆ ఛాయే. మంచం, కుర్చీలు తాజా వెన్న పసుపు. దుప్పటి ఎరుపు. కిటికీ ఆకుపచ్చ. బల్ల నారింజ, నీళ్ళ పళ్ళెం నీలం. ఇన్ని రంగులతో తాను చూపించాలనుకున్నది పూర్తి విశ్రాంతిని అని గోగాన్‌కి చెప్పాడు.

ఊదా! బొమ్మలో ఊదా ఎక్కడుంది? ఇవాళ కనిపించదు. ఆయన నీలంలో కలిపిన ఎరుపు వెలుతురుకి వెలిసిపోయే రకం. నూట ముప్పై ఏళ్ళలో ఎరుపు పోయి నీలం మిగిలింది. రంగు పొరల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు కూడా అదే తేల్చారు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2016లో ఆ బొమ్మ మూడు ప్రతుల్నీ ఒకచోట పెట్టినప్పుడు ఈ సంగతి చాలామందికి తెలిసింది. రంగులు వేసే ఎవరికైనా ఇది ఎంత పెద్ద తేడానో చెప్పనక్కరలేదు. పసుపుకి ఎదురు రంగు ఊదా. ఊదా గోడల మధ్య పసుపు మంచం కుదురుగా కూర్చుంటుంది, ఒకదాన్నొకటి నిలబెడతాయి. గోడ నీలమైతే ఆ పొందిక పోతుంది, గది చల్లబడిపోతుంది. మనం ఒంటరితనమని దేనికి పేరు పెట్టామో అందులో కొంత వెలిసిపోయిన ఎరుపు.

ఆయనకి ఇది తెలియకపోలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే థియోకి రాశాడు, ఇంప్రెషనిస్టులు వాడుకలోకి తెచ్చిన రంగులన్నీ నిలకడ లేనివేనని, కాబట్టి జంకకుండా పచ్చిగానే వేయాలని, కాలం ఎలాగూ వాటిని మెత్తబరుస్తుందని. రంగు దుకాణానికి ఏ ట్యూబులు ఎన్ని కావాలో రాసిన జాబితాలు కూడా ఆ ఉత్తరాల్లోనే ఉన్నాయి. పాఠకులు వాటిని దాటేసి "ఆత్మ ఘోష" ఉన్న పేరాల కోసం వెతుక్కుంటారు. నాకు ఆ జాబితాలే ముందు. ఏ ఎరుపు కొన్నాడో తెలిస్తేనే కదా ఏ ఎరుపు పోయిందో తెలిసేది.

ఆ ఆత్మ ఘోష గురించి ఒక కోపం నాకుంది. సోషల్ మీడియాలో వాన్ గో మాటలని తిరిగేవాటిలో చాలావరకు సగం తుంచినవి. 1890 జులైలో, చనిపోవడానికి ఇరవై రోజుల ముందు, కల్లోలంగా ఉన్న ఆకాశం కింద పరుచుకున్న గోధుమ చేలని వేశానని, దుఃఖాన్నీ తీవ్రమైన ఒంటరితనాన్నీ చూపించడానికి ప్రయత్నించానని రాశాడు. అందరూ అక్కడితో ఆపుతారు. తర్వాత కొద్ది వాక్యాలకే, పల్లెలో ఆరోగ్యకరంగా, బలమిచ్చేదిగా నాకు కనబడుతున్నదేదో మాటల్లో చెప్పలేను, ఈ బొమ్మలు చెబుతాయి అంటాడు. రెండు సగాలూ ఒకే మనిషి ఒకే పూట రాసినవి. మొదటి సగాన్ని పోస్టరు చేసి రెండోదాన్ని పారేయడం ఆ మనిషికి చేసే అన్యాయం.

1889 నవంబరు చివర్లో సాన్ రెమీలోని మానసిక చికిత్స ఆసుపత్రి నుంచి బెర్నార్‌కి రాసిన ఉత్తరం ఇంకోటుంది. వాళ్ళిద్దరి మధ్య మిగిలిన వాటిలో ఆఖరుది. బెర్నార్ ఏసు కథల బొమ్మలు వేసి ఫోటోలు పంపాడు. విన్సెంట్‌కి అవి అస్సలు నచ్చలేదు, ఏమాత్రం దాచుకోకుండా చెప్పేశాడు. తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, ఎంతో ఆశ పెట్టుకున్నవాడు. ఆ కోపంలోనే తన సంగతి కూడా ఒప్పుకున్నాడు. గోగాన్ ఉన్నప్పుడు నేనూ ఒకటి రెండుసార్లు చూడనిదాన్ని ఊహించి వేశాను, అది మాయ నేల, కొంతదూరం వెళ్ళగానే గోడ తగులుతుంది అన్నాడు. మళ్ళీ ఒకసారి మరీ పెద్ద నక్షత్రాలు వేయబోయి మరో ఓటమి చవిచూశానన్నాడు. ఆ మాట ఆ జూన్‌లో వేసిన "నక్షత్రాల రాత్రి" గురించేనని పండితులు చాలామంది అంటారు.

కాలెండర్ల మీద, కాఫీ కప్పుల మీద, పిల్లల స్కూలు సంచుల మీద ఉన్న ఆ బొమ్మని వేసినవాడు ఓటమి అన్నాడు. అది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కథ ఎలా ముగుస్తుందో ఆయనకి తెలిస్తే ఆ మాట రాసేవాడు కాదు. తెలియదు కాబట్టే ఆ రోజున బొమ్మకీ మనిషికీ మధ్య ఉన్న అసలు గొడవ మనకి దక్కింది.

ఇన్ని ఉత్తరాలు మిగలడం ఎవరో ఒకరు దాచబట్టే. థియో దాచాడు. విన్సెంట్ పోయిన ఆరు నెలలకి ఆయనా పోతే, ఆయన భార్య జొహానా, చంటిబిడ్డతో మిగిలినావిడ, వాటిని కాపాడి 1914లో అచ్చువేయించింది. బెర్నార్ తనకొచ్చినవి దాచుకుని అంతకు ముందే, 1911లో పుస్తకంగా తెచ్చాడు. విన్సెంట్‌కి మాత్రం దాచే అలవాటు లేదు. థియో రాసినవి 40 దాకానే మిగిలాయి, బెర్నార్ రాసినవి దాదాపు లేవు. మనం చదువుతున్నది చాలాచోట్ల ఫోన్లో ఒకవైపు మాట విన్నట్టే.

మన దగ్గరేమైందో చూస్తే బాధగా ఉంటుంది. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1934లో యూరప్ నుంచి తల్లిదండ్రులకి రాసిన ఉత్తరంలో అజంతా చిత్రం ఒక్కటి మొత్తం రినైజాన్స్ (యూరప్ పునరుజ్జీవన కాలపు కళ) కంటే విలువైనదని రాసింది. అప్పటికి అజంతా నిజాం రాజ్యంలో ఉంది. 1936 చివర్లో స్వయంగా వచ్చి చూసింది. మరుసటి ఏడాది ఆమె దక్షిణాది బొమ్మలు మూడూ వచ్చాయి. ఆమె ఉత్తరాలుండబట్టే ఈ వరస మనం తేదీలతో చెప్పగలుగుతున్నాం. కానీ 1938లో ఆమె పెళ్ళి కోసం హంగరీలో ఉండగా, ఆమె దాచుకున్న ఉత్తరాలని ఇంట్లోవాళ్ళు తీసి చదివి కాల్చేశారు. నెహ్రూ రాసినవి కూడా అందులో పోయాయి. ఆ సంగతి తెలిసి ఆమె ఇంటికి రాసిన ఉత్తరం మాత్రం మిగిలింది.

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళినప్పుడల్లా నాకు ఇదే ఆలోచన. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఆయన గురువు ఆస్వాల్డ్ కూల్‌డ్రే రాజమండ్రి కాలేజీలో పనిచేసిన ఇంగ్లీషాయన. అడివి బాపిరాజుగారు కూడా ఆయన శిష్యుడే. ఆ బొమ్మల ముందు నిలబడితే నాకు కావలసింది ఇంకో ప్రశంసా వ్యాసం కాదు. ఈ ఆకుపచ్చ కుదరడం లేదు, నువ్వేం వాడావు అని ఆ స్నేహితుల్లో ఒకరు ఇంకొకరికి రాసిన కార్డు ముక్క. ఒక్కటి చాలు.

మా ఇంట్లో మిగిలిన కార్డు బెజవాడ ఆయన రాసినది. తపాలా ముద్ర సగం పడింది, ఏ ఏడాదో తెలియదు. బ్యానర్ల మీద హీరోయిన్ల ముఖాలకి వేసే గులాబీ రంగు పది రోజులు తిరక్కుండానే ఎండకి వెలిసిపోతోందని, థియేటర్ వాళ్ళు గొడవ చేస్తున్నారని, ఎండకి నిలిచే ఎరుపు ఏదైనా నీకు తెలిస్తే వెంటనే రాయమని అడిగాడు. అడుగున, ఖాళీ ఉన్న చోట, పెన్నుతో ఒక ముఖం గీసి బుగ్గ మీద బాణం గుర్తు వేశాడు.

తాతయ్య ఏం జవాబు రాశాడో మాకెవరికీ తెలియదు. అది బెజవాడలో, ఆయన ఇంట్లో, ఇంకో తీగకి గుచ్చి ఉండాలి.